అట్టపెట్టె, భూతద్దం, ఫోను: గోడమీద బొమ్మ పడాలంటే

బూట్ల డబ్బాకు ఓ చివర కన్నం పెట్టి, అక్కడ భూతద్దం అతికించి, లోపల ఫోను నిలబెడితే గోడమీద సినిమా పడుతుందని వీడియోల్లో చూపిస్తుంటారు. పడే మాట నిజమే. కానీ అవి చూసి చేసినవాళ్లలో చాలామందికి గోడమీద మసక వెలుగు తప్ప ఏమీ కనబడదు. ఆ డబ్బా అటకెక్కుతుంది. ఎందుకలా అవుతుందంటే, అద్దం ఎంత దూరంలో పనిచేస్తుందో కొలవకముందే పెట్టె కోసేస్తారు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. పదో తరగతికి కటకాల (లెన్సుల) పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలచేత ఈ పెట్టె చేయిస్తాను. స్కేలు పని పూర్తయ్యాకే కట్టర్ చేతికిస్తానని ముందే చెప్పేస్తాను. మీ ఇంట్లోనూ ఆ వరసలోనే వెళ్లండి.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఫోను వెలుగుతోనే గోడమీద సినిమా వేస్తామని చెప్పే యాప్‌లు కనిపిస్తాయి. వాటి జోలికి పోవద్దు. మామూలు ఫోన్లో గోడమీదికి బొమ్మ పంపే అద్దమే లేనప్పుడు యాప్ ఏం చేయగలదు? ఫ్లాష్ లైటు వెలుతురిస్తుందే గానీ బొమ్మ వేయలేదు. అలాంటి యాప్‌లలో మంచివి ఫోన్లో ఉన్నదాన్ని టీవీకి పంపుతాయి, అంతే. బొమ్మ వేసేది అద్దం. అందుకే దాని దగ్గరే మొదలుపెడదాం.

స్టేషనరీ షాపులో దొరికే గాజు భూతద్దం, 75 మి.మీ. వెడల్పుది, ఈ పనికి సరిపోతుంది. నేను కొన్నది నూట యాభై రూపాయల లోపే. ప్లాస్టిక్‌వి తేలిక, కానీ తొందరగా గీతలు పడతాయి. ఇంకో మంచి దారి కళ్లజోళ్ల షాపు. 'సిలిండర్ లేని ప్లస్ ఐదు పవరు అద్దం, ఫ్రేముకు కోయకుండా గుండ్రంగా ఉన్నది' అని అడగండి (సిలిండర్ అంటే ఒక్క దిక్కునే పనిచేసే పవరు). కళ్లద్దాల లెక్క సులువు: 100ని పవరుతో భాగిస్తే నాభ్యంతరం, అంటే దూరపు వస్తువు బొమ్మ అద్దానికి ఎంత దూరంలో స్పష్టంగా పడుతుందో ఆ దూరం (ఫోకల్ లెంగ్త్), సెంటీమీటర్లలో వస్తుంది. ప్లస్ ఐదుకు 20 సెం.మీ., ప్లస్ నాలుగుకు 25. ఇంట్లో పెద్దవాళ్ల చదువుకునే కళ్లద్దాలు ప్లస్ రెండు అయితే 50 సెం.మీ. వస్తుంది. అది బూట్ల డబ్బాకు పనికిరాదు. స్కూలు ల్యాబులో ఉండే 5 సెం.మీ. వెడల్పు కటకంతోనూ బొమ్మ వస్తుంది గానీ, 7.5 సెం.మీ. అద్దం పట్టే వెలుగులో సగం కూడా అది పట్టదు.

భూతద్దం మీద నాభ్యంతరం రాసి ఉండదు. పిడిమీద 'ఇన్ని రెట్లు' అని ముద్రిస్తారు, ఆ అంకెను నమ్ముకోవద్దు. మనమే కొలుద్దాం. పగటిపూట గది తలుపులు వేసి, ఒక్క కిటికీ మాత్రం తెరిచి ఉంచండి. ఎదుటి గోడకు తెల్లకాగితం అంటించి, దాని ముందు అద్దం పట్టుకుని మెల్లగా ముందుకూ వెనక్కూ జరపండి. కిటికీ అవతల దూరంగా ఉన్న చెట్టో సెల్ టవరో కాగితం మీద తలకిందులుగా దిగుతుంది. మా క్లాసు కిటికీలోంచి ఊరి వాటర్ ట్యాంకు కనబడుతుంది. కాగితం మీద రెండు మూడు సెంటీమీటర్ల ట్యాంకు, పక్కన మెట్లతో సహా, వెనక నీలం ఆకాశంతో, రంగు ఏమాత్రం చెడకుండా పడుతుంది. ఆ మెట్లు విడివిడిగా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా వచ్చిన చోట అద్దం ఆపి, కాగితం నుంచి అద్దానికి స్కేలు పెట్టండి. అదే నాభ్యంతరం. ఈ పరీక్ష సూర్యుడితో మాత్రం చేయొద్దు, అద్దంలోంచి సూర్యుణ్ణి చూడనే వద్దు.

ఇక లెక్క. ఫోను అద్దానికి ఎంత దూరంలో ఉందో ఆ దూరాన్నీ, నాభ్యంతరాన్నీ గుణించి, ఆ రెండింటి తేడాతో భాగించండి. బొమ్మ ఎక్కడ పడుతుందో వస్తుంది. పాఠంలో చదివిన కటక సూత్రమే ఇది, చేతి లెక్కకు అనువుగా మార్చాను. నాభ్యంతరం 20 సెం.మీ. అనుకుందాం. ఫోను 25 సెం.మీ. దూరంలో ఉంటే 25ను 20తో గుణిస్తే 500, తేడా 5తో భాగిస్తే 100. ఆ 100ని ఫోను దూరం 25తో భాగిస్తే 4. అంటే అద్దం నుంచి మీటరు దూరంలో, 4 రెట్ల బొమ్మ. ఫోనును 24 సెం.మీ.కు జరిపితే బొమ్మ 120 సెం.మీ. దగ్గర 5 రెట్లు పడుతుంది. 22కు జరిపితే 220 సెం.మీ. దగ్గర 10 రెట్లు. సరిగ్గా 20 దగ్గర పెడితే బొమ్మ ఏ గోడమీదా పడదు. 20 కంటే దగ్గరికి తెస్తే అది మామూలు భూతద్దంలా కంటికి పెద్దగా చూపిస్తుంది తప్ప గోడమీద బొమ్మ వేయదు.

డబ్బాలు అటకెక్కేది ఇక్కడే. చాలా బూట్ల డబ్బాల పొడవు 30 సెం.మీ. అటూ ఇటూ. కొన్న భూతద్దం నాభ్యంతరం కూడా 30 అయితే, ఆ డబ్బాలో ఫోనును ఎక్కడ పెట్టినా బొమ్మ పడదు. ఎంత మంచి ఫోనైనా అంతే. నాభ్యంతరం 10 ఉన్న చిన్న అద్దమైతే బొమ్మ పడుతుంది గానీ నడిమధ్య స్పష్టంగా ఉండి మూలలు అలుక్కుపోతాయి. 17 నుంచి 22 సెం.మీ. మధ్య వస్తే డబ్బాకూ అద్దానికీ చక్కగా కుదురుతుంది.

పది రెట్లు వస్తుందని మీటరున్నర వెడల్పు తెర కట్టాలని మీకూ అనిపిస్తుంది, పిల్లలకైతే ఇంకా. ఆగండి. ఫోను తెర సుమారు 15 సెం.మీ. పొడవు, 7 సెం.మీ. వెడల్పు. 4 రెట్లు చేస్తే 60కి 28 సెం.మీ. బొమ్మ. పొడవు 4 రెట్లు, వెడల్పు 4 రెట్లు, అంటే అదే వెలుగు 16 రెట్ల జాగాలో పరుచుకుంటుంది. 10 రెట్లయితే 100 రెట్ల జాగా. పైగా ఫోను తెర నుంచి నలుమూలలా వెళ్లే వెలుగులో అద్దానికి అందేదే నూటికి రెండు మూడు పాళ్లు. మిగతాదంతా పెట్టె గోడలకే పోతుంది.

మా చిన్నప్పుడు టూరింగ్ టాకీసు దగ్గర ఏరుకున్న ఫిల్ము ముక్కల్ని ఇలాగే గోడమీద వేసేవాళ్లం. కాలిపోయిన బల్బు అడుగు ఊడదీసి, నీళ్లు నింపితే అదే కటకం. ఒకరు బయట ఎండలో మొహం చూసుకునే చేతి అద్దం పట్టుకుని తలుపు సందులోంచి వెలుగు కొడితే, ఇంకొకరు ఫిల్ము పట్టుకునేవాళ్లు. సున్నం గోడమీద హీరో నిలువెత్తున కనబడేవాడు. అక్కడ వెలుగు ఎండది, ఎంత పెద్దగా సాగదీసినా తట్టుకుంటుంది. ఫోను దగ్గర ఆ బలం లేదు. కాబట్టి 4 నుంచి 5 రెట్ల దగ్గర ఆగమనే నా సలహా. చీకటి గదిలో 60, 70 సెం.మీ. వెడల్పు బొమ్మ, ఇద్దరు ముగ్గురు పిల్లలు చాపమీద కూర్చుని చూసేందుకు బాగా సరిపోతుంది.

ఇప్పుడు కట్టర్ తీయండి. డబ్బా లోపలంతా, మూత లోపలి వైపు కూడా, నల్ల చార్టు అంటించండి. అలంకారానికి చెప్పడం లేదు. లోపల తెల్లగా ఉంటే ఫోను వెలుగు గోడలకు తగిలి, మళ్లీ అద్దంలోంచి బయటికి వచ్చి బొమ్మ మొత్తం మీద పాలిపోయిన పొర కప్పుతుంది. మెరిసే నలుపు వద్దు, గరుకు నలుపు కావాలి. మూలల్లోంచి వెలుగు కారకుండా బయట బ్రౌన్ టేపు వేయండి.

అద్దాన్ని నేరుగా డబ్బాకు అతికించేయమని కొందరు చెప్తారు. నేను గొట్టం చేయిస్తాను. పైన చూశాం కదా, ఫోను 24 నుంచి 22కు, రెండే సెంటీమీటర్లు జరిగితే బొమ్మ మీటరు దూరం వెనక్కి పోయింది. అంత నాజూకు దూరాన్ని డబ్బాలోపల చెయ్యి పెట్టి సరిచేయలేం. అద్దం చుట్టూ మందపాటి చార్టును రెండు చుట్లు చుట్టి, 10 సెం.మీ. పొడవు గొట్టం చేసి, అద్దాన్ని దాని ముందు అంచున టేపుతో బిగించండి. ఆ గొట్టం చుట్టూ ఇంకో చార్టు చుట్టి అతికిస్తే బయటి గొట్టం తయారు. ఫెవికాల్ లోపలి గొట్టానికి అంటకుండా చూసుకోండి. లోపలిది బయటిదాంట్లో కాస్త బిగువుగా జారాలి. డబ్బా చివరి ముఖం మీద మూల నుంచి మూలకు గీతలు గీస్తే మధ్య బిందువు దొరుకుతుంది. అక్కడ బయటి గొట్టం ఆనించి పెన్సిల్‌తో గీసి, గీతకు లోపలి వైపుగా కోయండి. కన్నం వదులైతే గొట్టం వాలుతుంది. గొట్టంతో ఇంకో లాభం, నాభ్యంతరం 25 ఉన్న అద్దమైనా కాస్త బయటికి లాగి వాడుకోవచ్చు.

ఫోను నిలబెట్టడానికి మందపాటి అట్టను అడ్డంగా మడిచి, ఒక భాగం నేలకు, ఒక భాగం నిలువుగా ఉండేలా స్టాండు చేయండి. మడత సరిగ్గా మూలమట్టంగా ఉండాలి. ఫోను కొంచెం వాలినా బొమ్మ పైభాగం స్పష్టంగా వచ్చి కింది భాగం మసకవుతుంది. రెండు రబ్బరు బ్యాండ్లు ఫోను రెండు చివర్లకూ వేస్తే కదలదు, తెరకు అడ్డం రాకుండా చూడండి. ఫోను తెర మధ్యభాగం, అద్దం మధ్యభాగం ఒకే ఎత్తులో ఉండాలి. ఫోను కిందికి ఉంటే స్టాండు కింద పాత నోటుబుక్కు పెట్టండి.

ఫోను లోపల పెట్టేముందు తెరను మెత్తటి గుడ్డతో తుడవండి. దానిమీద ఉన్న ప్రతి వేలిముద్రా నాలుగు రెట్లు పెద్దదై గోడమీద కనిపిస్తుంది. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి, దానంతటది తగ్గే ఆటో బ్రైట్‌నెస్ ఆపేయండి. బ్యాటరీ సేవర్, రాత్రిపూట పసుపుగా మార్చే సెట్టింగు రెండూ ఆపండి. బొమ్మ నిటారుగా పడాలంటే ఫోనును తలకిందులుగా పెట్టాలి. ఆటో రొటేట్ తీసేయకపోతే ఫోను తలకిందులు చేయగానే బొమ్మ కూడా తిరిగి నిలబడుతుంది, చేసిన పనంతా వృథా. ఫోన్ కాల్ వచ్చి వైబ్రేషన్‌కు స్టాండు జరగకుండా ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వీడియో ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పగటి వెలుగులో తీసిన పాటలు, కార్టూన్లు బాగా కనిపిస్తాయి. రాత్రి సన్నివేశాలున్న సినిమా పెడితే గోడమీద ఏమీ తేలదు.

ఇప్పుడు చాలామంది చెప్పని సంగతి. కటకం బొమ్మను తలకిందులు చేస్తుందని అందరికీ తెలుసు, అందుకే ఫోనును తలకిందులుగా నిలబెడతాం. మనుషులు నిటారుగా నిలబడతారు. కానీ పేర్లు పడేటప్పుడు చూడండి, అక్షరాలు కుడి నుంచి ఎడమకు తిరిగి ఉంటాయి. మా స్కూల్లో క్రికెట్ వీడియో పెట్టినప్పుడు ఓ పిల్లవాడు లేచి, "టీచర్, కోహ్లీ ఎడమ చేత్తో ఆడుతున్నాడేంటి?" అన్నాడు. ఆ రోజు పాఠం అక్కణ్ణించే మొదలుపెట్టాను. ఫోను మొహం గోడ వైపు ఉంది, మనం దాని వెనక కూర్చున్నాం. ఎదురుగా నిలబడ్డ మనిషి కుడి చెయ్యి మన ఎడమ వైపు ఉన్నట్టే, ఫోను తెర కుడి మనకు ఎడమ. అద్దం బొమ్మను ఒకసారి పూర్తిగా తిప్పుతుంది, ఫోను తలకిందులు పెట్టి మనం ఇంకోసారి తిప్పుతాం, ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. మొదట ఉన్న ఆ కుడి ఎడమల తేడా అలాగే మిగిలిపోతుంది.

దీనికి మందు మన తోలుబొమ్మలాటలో ఉంది. వాళ్లు తెల్లటి పంచె కట్టి, వెనక దీపం పెట్టి, బొమ్మల్ని వెనక నుంచే తెరకు ఆనించి ఆడిస్తారు. జనం అవతలి వైపు కూర్చుంటారు. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మనమూ అదే చేద్దాం. గడపకు అడ్డంగా పలుచని తెల్ల పంచె ఒకే పొరగా బిగించి కట్టి, అడుగున కర్ర చుట్టి ముడతలు పోగొట్టి, పెట్టెను ఈ గదిలో ఉంచి పిల్లల్ని ఆ గదిలో కూర్చోబెట్టండి. వెనక నుంచి చూస్తే కుడి ఎడమలు సరిపోతాయి, కోహ్లీ కుడిచేత్తోనే ఆడతాడు. బాగా పలుచని పంచె అయితే నేతలోంచి అద్దం మెరుస్తున్న చుక్కలా కనబడి కంటికి అడ్డం వస్తుంది. అప్పుడు పాత ఫొటో ఫ్రేములో పెద్ద ట్రేసింగ్ పేపరు బిగించి తెరగా వాడండి. నాకు పంచెకంటే ఇదే నచ్చుతుంది, వెలుగు సమంగా పరుచుకుంటుంది. గోడమీదే చూడాలనుకుంటే కొన్ని వీడియో ప్లేయర్లలో మిర్రర్ అనే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టుకోవచ్చు. ఫొటోలకైతే గ్యాలరీ ఎడిటింగ్‌లో ఫ్లిప్ ఉంటుంది.

పెట్టెను తెర మధ్యభాగం ఎత్తులో స్టూలు మీద పెట్టండి. కింద నుంచి పైకి ఎక్కుపెడితే బొమ్మ పైన వెడల్పు, కింద ఇరుకు అవుతుంది. లెక్క ప్రకారం దూరం పెట్టాక గది దీపాలన్నీ ఆర్పి, గొట్టాన్ని మెల్లగా జరుపుతూ అక్షరాల అంచులు చూడండి. మనుషుల మొహాలు చూసి ఫోకస్ చేయడం కష్టం, టైటిల్ ఉన్న చోట వీడియో ఆపి చేయండి. అంచుల వెంట సన్నగా ఎరుపు, నీలం కనిపిస్తే అది ఒంటి కటకం గుణం, దాన్ని పూర్తిగా తీసేయలేం. మూలలు మరీ మసకగా ఉంటే నల్ల అట్టకు 4 సెం.మీ. గుండ్రటి కన్నం కోసి అద్దం ముందు పెట్టండి, స్పష్టత పెరుగుతుంది, వెలుగు తగ్గుతుంది. కళ్లజోళ్ల షాపు అద్దం ఒకవైపు ఉబ్బెత్తు, ఇంకోవైపు గుంట. రెండు వైపులా తిప్పి చూసి, ఎటు పెడితే మూలలు బాగుంటే అటే ఉంచండి.

శబ్దం పెట్టెలోంచి మూలిగినట్టు వస్తుంది. బ్లూటూత్ స్పీకరు ఉంటే ఏరోప్లేన్ మోడ్‌లోనే బ్లూటూత్ మాత్రం ఆన్ చేసి, స్పీకరును తెర కింద, పిల్లల వైపు పెట్టండి.

వేడి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మూసిన పెట్టెలో పూర్తి బ్రైట్‌నెస్‌తో ఫోను బాగా కాగుతుంది, మే నెలలో ఇంకా త్వరగా. కాగిన ఫోను తెర వెలుగును దానంతటదే తగ్గించేస్తుంది. వెనక ముఖానికి కింద, పైన కన్నాలు పెట్టి, వెలుగు కారకుండా వాటి ముందు నల్ల అట్ట పలకను కొంచెం ఎడంగా నిలబెట్టండి. పావుగంటకోసారి మూత తీసి ఫోను ముట్టుకుని చూడండి. లోపల పెట్టి ఛార్జింగ్ మాత్రం చేయొద్దు.

ఆట అయిపోయాక ఫోను తీసేసినా పెట్టెను కిటికీ దగ్గర వదిలేయకండి. అద్దం వైపు ఎండ నేరుగా పడిందంటే ఆ వేడంతా 20 సెం.మీ. దగ్గర ఒక్క చుక్కలోకి చేరుతుంది, సరిగ్గా అట్ట స్టాండుకు కాస్త ముందు. నల్ల చార్టు అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు, ఫోను లోపలే ఉండిపోతే దాని తెరకూ ముప్పే. గొట్టానికి సరిపడే ప్లాస్టిక్ డబ్బా మూత ఒకటి వెతికి అద్దానికి బిగించి, పెట్టెను బీరువాలో పెట్టండి. ఆ మూతకు దారం కట్టి గొట్టానికే వేలాడదీస్తే పిల్లలు ఎక్కడా పారేయరు.